శుభలేఖకు పసుపు పెట్టకండి: అమెరికా జైలుకు ఉత్తరం పంపే పద్ధతి

(అమెరికాలో ఫెడరల్ జైళ్ళలో ఉన్నవారి కుటుంబాల కోసం తెలుగులో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలున్నాయి. ఒక మాట ముందే చెప్తాను. ఇక్కడికి ఎవరి కోసం వచ్చారో, కేసేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. పేర్లు అసలే వద్దు. సందేహం మాత్రం మొహమాటపడకుండా అడగండి.

మొట్టమొదటి ప్రశ్న నేనే అడుగుతాను. మీవాడు ఏ జైల్లో ఉన్నాడు? ఊరి పేరు అడగడం లేదండి. అది ఎవరి జైలు అని అడుగుతున్నాను. అమెరికాలో జైళ్ళన్నీ ఒకరివి కావు. కేంద్ర ప్రభుత్వానివి ఉన్నాయి, వాటిని ఫెడరల్ బ్యూరో ఆఫ్ ప్రిజన్స్ నడుపుతుంది. రాష్ట్రాలవి వేరు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, అక్కడి పోలీసు అధికారి షెరీఫ్ నడిపే జైళ్ళు వేరు. ఇమిగ్రేషన్ వాళ్ళ నిర్బంధ కేంద్రాలు ఇంకా వేరు. ఒకచోట చెల్లిన ఉత్తరం ఇంకోచోట చెల్లదు. కొన్ని కౌంటీ జైళ్ళలో పోస్టుకార్డు తప్ప కవరు తీసుకోరు. కాబట్టి "మా పక్కింటివాళ్ళు పంపితే చేరింది" అన్న మాట నమ్మి ఏదీ పంపకండి. ఈవేళ నేను ముఖ్యంగా ఫెడరల్ జైళ్ళ గురించి చెప్తాను. అవసరమైనచోట రాష్ట్రాల సంగతి కలుపుతాను.

ఇప్పుడు కవరు. కవరు మీద పేరు, పేరు పక్కన నంబరు. ఫెడరల్ జైల్లో ప్రతి మనిషికీ ఎనిమిది అంకెల రిజిస్టర్ నంబరు ఉంటుంది. ముందు ఐదు, మధ్యలో ఒక గీత, తర్వాత మూడు. బ్యూరో వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతికితే నంబరూ వస్తుంది, ఇప్పుడు ఏ జైల్లో ఉన్నాడో కూడా వస్తుంది. ఇక్కడే మన తెలుగువాళ్ళకొచ్చే చిక్కు ఒకటుంది. మనకు ఇంటిపేరు ముందు. వాళ్ళకు వెనక. కొందరి పాస్‌పోర్టులో రెండు పేర్లూ ఒకే గడిలో పడిపోయి ఉంటాయి, రెండో గడి ఖాళీ. అలాంటివాళ్ళకు వీసాలో మొదటి పేరు చోట ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. అది కోర్టు కాగితాల్లోకీ అలాగే వెళ్తుంది. అలా వెళ్ళిందనుకోండి, జైలు రికార్డులో మీవాడి పేరు అదే! కవరు మీద మీరు ఇంట్లో పిలిచే పేరు రాస్తే పనికిరాదు. కోర్టు కాగితంలో ఏ అక్షరాలు, ఏ వరసలో ఉన్నాయో అవే రాయండి. వింతగా ఉన్నా అవే రాయండి.

పేరు, నంబరు, జైలు పేరు, పోస్టు బాక్సు, ఊరు, రాష్ట్రం, జిప్ కోడ్. ఉత్తరాలకు చాలా జైళ్ళు పోస్టు బాక్సు చిరునామానే ఇస్తాయి. పోస్టు బాక్సుకు ప్రైవేటు కొరియర్ వెళ్ళదు. తొందరగా చేరాలని కొరియర్‌లో వేసి, పది రోజుల తర్వాత తిరిగొస్తే బాధపడే బదులు మామూలు తపాలాలో వేయండి. ఎడమ వైపు పైన మీ పూర్తి పేరు, చిరునామా ఉండాలి. పంపినవాళ్ళెవరో తెలియని ఉత్తరం మెయిల్ రూమ్, అంటే జైలుకొచ్చిన ఉత్తరాలు తనిఖీ చేసే గది, దాటడం కష్టం.

మెయిల్ రూమ్ అన్నాను కదా. అక్కడేం జరుగుతుందో తెలిస్తే మిగతా నియమాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. మీ ఉత్తరాన్ని విప్పుతారు. తనిఖీ చేస్తారు. చదవొచ్చు కూడా, చదివే అధికారం వాళ్ళకుంది. ఎందుకింత అనుమానం? కాగితమే ఇప్పుడు మత్తుమందు మోసే వాహనమైపోయింది కాబట్టి. కె2 అనే రసాయనం ఉంది, దాన్ని ద్రవంగా చేసి కాగితం మీద చల్లి ఆరబెడతారు. చూస్తే తెల్ల కాగితమే. లోపల దాన్ని ముక్కలు చేసి అమ్ముకుంటారు. సుబాక్సోన్ అనే మందు పల్చటి పొరలా ఉంటుంది. దాన్ని స్టాంపు కింద, కవరు అంటించే అంచు కింద దాచి పంపినవాళ్ళున్నారు. పిల్లలు రంగు పెన్సిళ్ళతో వేసిన మందపాటి బొమ్మ కింద, మెరుపుల జిగురు కింద, స్టిక్కరు కింద కూడా దాచారు. మెయిల్ రూమ్‌లో కూర్చున్న మనిషికి మీరెవరో తెలియదు. మీ అమ్మాయి నాన్న కోసం బొమ్మ గీసిందని ఆయనకు తెలియదు. ఆయనకు కనపడేది మందంగా రంగు పట్టిన ఒక కాగితం, అంతే.

అందుకే చాలాచోట్ల ఇప్పుడు అసలు కాగితం లోపలికి ఇవ్వడమే మానేశారు. పెన్సిల్వేనియా రాష్ట్రం 2018లో మొదలుపెట్టింది. ఖైదీల మామూలు ఉత్తరాలు ఫ్లోరిడాలోని ఒక కంపెనీకి వెళ్ళేలా పెట్టారు, వాళ్ళు స్కాన్ చేస్తే ఖైదీకి కాపీ అందేది. టెక్సస్‌లో 2023 నుంచి ఉత్తరాలు డాలస్‌లోని స్కానింగ్ కేంద్రానికి వెళ్తున్నాయి. చాలా ఫెడరల్ జైళ్ళలో కూడా జిరాక్స్ తీసి కాపీ చేతికిస్తున్నారు. అంటే ఏమిటి? మీరు పంపిన కాగితం మీవాడి చేతికి రాకపోవచ్చు. తర్వాత మీకు తిరిగి రాకపోవచ్చు కూడా. తాతగారి చేతిరాత ఉన్న పాత ఉత్తరం, ఇంట్లో ఒక్కటే ఉన్న పెళ్ళి ఫోటో, ఇలాంటివి దయచేసి కవరులో పెట్టకండి. కాపీ పంపండి. అసలు మీ దగ్గరుంచుకోండి.

స్కాన్‌కి తగ్గట్టు ఎలా రాయాలో చూద్దాం. తెల్ల కాగితం. నల్ల సిరా లేదా ముదురు నీలం. పెన్సిల్ వద్దు, స్కాన్‌లో వెలిసిపోతుంది. నాలుగు వైపులా ఒక అంగుళం ఖాళీ వదలండి, లేకపోతే చివరి అక్షరాలు తెగిపోతాయి. మన అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కదా, ఇరికించి రాస్తే కాపీలో నల్లటి ముద్దవుతుంది. వరస వదిలి వరస రాయండి. ఒక వైపే రాయండి. ప్రతి పేజీ మీదా మీవాడి పేరు, రిజిస్టర్ నంబరు, "5లో 2వ పేజీ" అన్నట్టు ఒక గుర్తు. స్టేపుల్ పిన్ను, క్లిప్పు, టేపు వద్దు. ఉత్తరాలకు కూడా ఒకటి, రెండు, మూడు అని వరస సంఖ్య వేసుకోండి. అప్పుడు ఫోనులో మీవాడు "పద్నాలుగు అందింది, పదమూడు రాలేదు" అని చెప్పగలడు. ఏది పోయిందో తెలియకుండా ఎవరినని అడుగుతాం?

ఇండియా నుంచి తల్లిదండ్రులు రాసేవాళ్ళకు ఒక మాట. పోస్టాఫీసులో దొరికే నీలం రంగు విదేశీ లెటరు వాడకండి. రంగు కాగితం, పైగా అంచులకు జిగురు. తెల్ల కాగితం, తెల్ల కవరు తీసుకోండి.

ఇప్పుడు మన ఇళ్ళలో జరిగేవి. నవ్వకండి, నిజంగా జరిగేవే. పండక్కి ఉత్తరం రాసి, లోపల ఒక చిటికెడు కుంకుమ పొట్లం. గుడికెళ్తే విభూతి. పెళ్ళయితే అక్షింతలు. కవరు విప్పగానే పొడి రాలిందనుకోండి, ఆ గదిలో వాళ్ళకు ఏం గుర్తొస్తుంది? 2001లో ఈ దేశంలో ఉత్తరాల్లో ఆంత్రాక్స్ పొడి పెట్టి పంపారు, మనుషులు చనిపోయారు. అప్పటినుంచి కవరులోంచి తెలియని పొడి రాలితే అది ప్రమాద ఘటన. మీ కుంకుమ మీవాడిని చేరదు సరికదా, అతన్ని పిలిచి ప్రశ్నలు వేస్తారు.

పొడి పెట్టకపోయినా ఇంకో చిక్కుంది. శుభలేఖ! నాలుగు మూలలా పసుపు రాసి పంపుతాం. అది మనకు మంగళం. వాళ్ళకు? కాగితం మీద ఏదో ద్రవం పూసి ఆరబెట్టిన పచ్చటి మరక. పైగా ఈ కాలం శుభలేఖలు మందపాటి అట్ట, బంగారు రేకు, లోపల పొరలు. ఏదీ వెళ్ళదు. శుభలేఖను ఫోటోకాపీ తీసి, ఆ తెల్ల కాగితం పంపండి. కాపీకి పసుపు పెట్టకండి. అత్తగారు బాధపడతారంటే ఇంట్లో ఉంచుకునే శుభలేఖకు పెట్టమనండి. అలాగే రాఖీ, చేతికి కట్టే ఎర్రదారం, నెమలి ఈక, పువ్వు, తులసాకు, ఇవేవీ వద్దు. సెంటు చల్లొద్దు. లిప్‌స్టిక్ ముద్దు గుర్తు వద్దు. పాట పాడే గ్రీటింగు కార్డు వద్దు, అందులో బ్యాటరీ ఉంటుంది.

ఏమిటమ్మా? జాతకమా? మంచి ప్రశ్న అడిగారు. శాంతి చేయించాలి, జాతకచక్రం పంపొచ్చా అని అడుగుతున్నారు. ఒకసారి తెలియనివాడి కళ్ళతో చూడండి. పన్నెండు గళ్ళు, గడికో పొడి అక్షరం, పక్కన అంకెలు. రహస్య సంకేతాల్లో ఉన్న ఉత్తరాన్ని తిరస్కరించొచ్చని ఫెడరల్ నియమాల్లోనే ఉంది. చక్రం వద్దు. పంతులుగారు ఏం చెప్పారో మామూలు మాటల్లో రాయండి.

మరి తెలుగులో రాయొచ్చా? రాయొచ్చు. ఇంగ్లీషులోనే రాయాలని లేదు. అయితే జైలువాళ్ళు చదవాలనుకుంటే అనువాదం చేయించుకోవాలి, దానికి ఆలస్యం కావచ్చు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. వాళ్ళకు సులువుగా ఉంటుందని తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. అది ఇంగ్లీషు తెలిసినవాడికీ అర్థం కాదు, అనువాద యంత్రానికీ సరిగ్గా అందదు. చూసేవాడికి అది భాషలా కనపడదు, కోడ్‌లా కనపడుతుంది. తెలుగు రాస్తే తెలుగు లిపిలోనే రాయండి. మొదటి పేజీ పైన ఇంగ్లీషులో ఒక్క వాక్యం పెట్టండి: ఈ ఉత్తరం ఇండియాలో మాట్లాడే తెలుగు భాషలో ఉంది, రాసింది తల్లి, అని. ఇంకొకటి. డొంకతిరుగుడుగా రాయకండి. "ఆ సరుకు సంగతి పెద్దాయనతో మాట్లాడాను" అంటే మీ ఉద్దేశం పొలంలో మిరపకాయలే కావొచ్చు. అనువాదంలో ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. మిరపకాయలని రాయండి.

ఫోటోలు. మామూలు ఫోటో ప్రింట్లు పంపొచ్చు. ఒక్కో కవరులో ఎన్ని అనేది ఆ జైలు ఇష్టం, ముందు కనుక్కోండి. పోలరాయిడ్ వద్దు, దాని వెనక పొరల మధ్య ఏమైనా దాచొచ్చని ఒప్పుకోరు. ఆల్బమ్ వద్దు, ఫ్రేము వద్దు. పసిపిల్లలకు లాల పోస్తున్న ఫోటో మన ఇంట్లో ముచ్చట. అక్కడ బట్టల్లేని ఫోటో కింద లెక్క, అది పిల్లలదైతే మరీ తలనొప్పి. పంపకండి. చేతివేళ్ళతో ఏవో గుర్తులు చూపిస్తూ దిగిన ఫోటోలు కూడా పక్కన పెట్టండి, ముఠా సంకేతాలనుకుంటారు.

పుస్తకాలు

ఇది కాస్త నిదానంగా వినండి, ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ఫెడరల్ నియమం ఇలా ఉంది. గట్టి అట్ట పుస్తకం అయితే, ఏ జైలైనా సరే, ప్రచురణకర్త నుంచో, బుక్ క్లబ్ నుంచో, పుస్తకాల షాపు నుంచో నేరుగా రావాలి. దినపత్రికకూ ఇదే నియమం. మెత్తటి అట్ట పుస్తకం, మ్యాగజైన్, పేపర్ కటింగు, వీటికి జైలు భద్రతా స్థాయిని బట్టి. మినిమమ్, లో సెక్యూరిటీ జైళ్ళకు ఎవరైనా పంపొచ్చు. మీరు ఇంటి నుంచి పంపొచ్చు. మీడియం, హై సెక్యూరిటీ జైళ్ళకు, విచారణ ఖైదీలు, రోగులు లాంటివాళ్ళను ఉంచే అడ్మినిస్ట్రేటివ్ జైళ్ళకు మెత్తటి అట్ట కూడా ప్రచురణకర్త, బుక్ క్లబ్, షాపుల నుంచే. అంటే మీడియం జైల్లో ఉన్నవాడికి మీరు పేపర్లోంచి కత్తిరించిన ఒక చిన్న వార్త ముక్క ఉత్తరంలో పెడితే, అది కూడా ఈ నియమం కిందికే వస్తుంది.

ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు ఏం తేడా వస్తుంది? అదే వెబ్‌సైట్‌లో వేరే వ్యక్తులు పాత పుస్తకాలు అమ్ముతుంటారు. రెండు డాలర్లు తక్కువని వాళ్ళ దగ్గర కొంటారు. పార్సిల్ మీద ఎవరిదో ఇంటి చిరునామా వస్తుంది. షాపు నుంచి వచ్చినట్టు కనపడదు, వెనక్కి పంపిస్తారు. కొత్త పుస్తకం కొనండి, పార్సిల్ షాపు పేరుతో వచ్చేలా చూసుకోండి, లోపల బిల్లు ఉండాలి. గిఫ్ట్ ప్యాకింగు వద్దు. స్పైరల్ బైండింగు వద్దు. పుస్తకంతో సీడీ వచ్చేవి వద్దు. తెలుగు పుస్తకాలు చాలావరకు మెత్తటి అట్టవే కాబట్టి లో సెక్యూరిటీలో ఉన్నవాళ్ళకు మీకు బాధ లేదు. రామకోటి రాసుకుంటాడు, ఖాళీ నోటుబుక్కు పంపొచ్చా అంటే, వద్దు. కాగితాలు, స్టాంపులు, పెన్నులు లోపల కమిసరీలో, అంటే జైలు దుకాణంలో, కొనుక్కోవాల్సిందే. స్టాంపులు మీరు పంపినా ఇవ్వరు, లోపల అవి డబ్బులా చెలామణి అవుతాయి.

పుస్తకం ఎవరికైనా నచ్చలేదని తిరస్కరించడానికి లేదు. మతం, రాజకీయం, సామాజిక అభిప్రాయం వల్ల మాత్రమే పుస్తకాన్ని ఆపకూడదని నియమం చెప్తోంది. నిషేధిత పుస్తకాల జాబితా పెట్టుకోవడం కూడా జైలు పెద్ద అయిన వార్డెన్‌కు కుదరదు, ఒక్కో పుస్తకాన్నీ విడిగా చూడాలి. ఆయుధాలు, మత్తుమందులు, సారా తయారీ, పారిపోయే పద్ధతులు చెప్పేవైతే ఆపుతారు. అందుకే ఆయుర్వేద గ్రంథాల్లో ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టే పద్ధతులు ఉన్నవి ఎంచుకోకండి. ఎందుకొచ్చిన గొడవ?

డబ్బు

ఉత్తరంలో నోటు పెట్టకండి. ఒక్క డాలరైనా, పది రూపాయలైనా పెట్టకండి. 1791 సెక్షన్ అని ఒక ఫెడరల్ చట్టం ఉంది, జైల్లోకి నిషేధిత వస్తువు చేర్చడం నేరమని. అందులో సెల్‌ఫోనూ ఉంది, కరెన్సీ కూడా ఉంది. కొన్ని మత్తుమందులకైతే 20 ఏళ్ళ దాకా శిక్ష. ఆశీర్వాదంగా నూటపదహార్లు పెట్టాను అంటే ఎవరికి చెప్పుకుంటారు?

సొంత చెక్కు కూడా తీసుకోరు. తపాలా ద్వారా పంపాలంటే మనీ ఆర్డరు. అది మీవాడున్న జైలుకు వెళ్ళదు. ఫెడరల్ ఖైదీల డబ్బంతా అయోవా రాష్ట్రంలో డి మోయిన్ అనే ఊళ్ళోని ఒకే చిరునామాకు వెళ్తుంది. మనీ ఆర్డరు మీద కోర్టు రికార్డు పేరు, ఎనిమిది అంకెల నంబరు రాయాలి. ఆ కవరులో ఉత్తరం పెట్టకండి, ఫోటో పెట్టకండి. అక్కడున్నది డబ్బు జమ చేసే కేంద్రం, అక్కణ్ణుంచి ఉత్తరాలు ముందుకు పంపరు. మీ ఫోటో పోయినట్టే. అమెరికా తపాలా శాఖ మనీ ఆర్డరు తీసుకోండి, ఒక్కోటి వెయ్యి డాలర్ల దాకా ఇస్తారు. ప్రైవేటు మనీ ఆర్డరైతే 15 రోజులు ఆపి ఉంచుతారు, ఖాతాలో కనపడుతుంది కానీ వాడుకోవడానికి ఉండదు. తొందరైతే వెస్ట్రన్ యూనియన్ ఉంది. అక్కడ ఖాతా నంబరు అంటే రిజిస్టర్ నంబరు, వెంటనే ఖాళీ లేకుండా ఇంటిపేరు. చూశారా, మళ్ళీ పేరు దగ్గరికే వచ్చాం. ఇంటిపేరు ఏదో తేల్చుకోకపోతే డబ్బు కూడా చేరదు.

ఇక వస్తువులు. దీనికి ఎక్కువసేపు అక్కర్లేదు. ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఇంటి నుంచి పార్సిల్ వెళ్ళదు. ఆవకాయ వెళ్ళదు, సున్నుండలు వెళ్ళవు, స్వెట్టరు వెళ్ళదు. మందులు వెళ్ళవు, ఆయుర్వేదం మాత్రలైనా అంతే. వినికిడి యంత్రం లాంటిదైతే మీవాడు లోపల అడిగి అనుమతి కాగితం పుట్టించాలి, అది వచ్చాకే మీరు పంపాలి. రుద్రాక్షమాల, జపమాల లాంటివి చాప్లిన్ అనే మతాధికారి ద్వారా, వాళ్ళు ఒప్పుకున్న షాపు నుంచి తెప్పించుకోవాలి.

వ్యాపారం ఉన్నవాళ్ళు జాగ్రత్తగా వినండి. శిక్ష పడినవాడు లోపలి నుంచి వ్యాపారం నడపకూడదు. "ఈ కాంట్రాక్టు తీసుకోమంటావా, ఎవరిని ఉద్యోగంలో పెట్టమంటావు" అని రాస్తే ఆ ఉత్తరం ఆగుతుంది, అతనికి క్రమశిక్షణ చర్య కూడా రావొచ్చు. కానీ ఉన్న ఆస్తిని కాపాడుకోవడానికి రాసుకోవచ్చు. ఇంటి అప్పు, ఇన్సూరెన్సు కాగితాల సంతకం, ఇలాంటివి ఫరవాలేదు. ఆ తేడా మనసులో పెట్టుకుని రాయండి.

లాయరు ఉత్తరాలకు వేరే దారి. లాయరు తన పేరు, తాను లాయరునన్న సంగతి కవరు మీద రాసి, స్పెషల్ మెయిల్, ఖైదీ ఎదుటే విప్పాలి అని గుర్తు పెడితే దాన్ని అతని ముందే విప్పుతారు, చదవరు. రాయబార కార్యాలయాలు, కాన్సులేట్ల ఉత్తరాలూ ఇదే దారి. ఈ గుర్తు మీరు మీ కవరు మీద వేయకండి. అతి తెలివి అవుతుంది. లాయరుగారి కవరులో మీ ఉత్తరం కూడా పెట్టమని ఆయన్ని అడగకండి, ఆయన ఉద్యోగానికే ఎసరు.

సరే, ఇంత చేసినా ఉత్తరం ఆపేశారు. అప్పుడేం చేయాలి? తిరస్కరిస్తే పంపినవాళ్ళకు కారణం చెప్తూ రాతపూర్వకంగా తెలియజేయాలి. మీరు అప్పీలు చేసుకోవచ్చు. ముందు కాదన్న అధికారి కాకుండా మరొకరు దాన్ని చూడాలి. ఇది 1974లో ప్రొకునియర్, మార్టినెజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట, ఫెడరల్ నియమాల్లోనూ ఉంది. పుస్తకమైతే, నోటీసు అందిన 20 రోజుల్లోపు బ్యూరో ప్రాంతీయ అధికారి, అంటే రీజినల్ డైరెక్టరుకు రాయాలి. అప్పీలులో బతిమాలడం, తిట్టడం రెండూ వద్దు. ఏ తేదీన పంపారు, ఏం పంపారు, వాళ్ళు చెప్పిన కారణమేమిటి, అది ఎందుకు సరికాదు. నాలుగు ముక్కలు. నోటీసు కాపీ జత చేయండి. నోటీసు రాకుండా ఉత్తరం మాయమైతే? ముందు అతను జైలు మారాడేమో చూడండి. జైలు మారితే మామూలు ఉత్తరాలను కొత్త చిరునామాకు 30 రోజులపాటే పంపుతారు, తర్వాత వచ్చినవి మీకే తిరిగొస్తాయి. దారిలో ఉన్న రోజుల్లో పుస్తకాలు ఆర్డరు చేయకండి. వెబ్‌సైట్‌లో కొత్త జైలు పేరు పడ్డాక చేయండి.

ఏమన్నారు బాబాయిగారూ? ఈమెయిలా? ఉంది. కోర్‌లింక్స్ అని. ముందు అతను మీ పేరు ఇవ్వాలి, మీరు ఒప్పుకోవాలి. ఒక్కో సందేశం 13,000 అక్షరాల దాకా. ఫోటోలు, ఫైళ్ళు జత చేయడానికి లేదు. వాటికి మళ్ళీ కవరే.

చివరగా, విడుదల దగ్గరపడ్డవాళ్ళ ఇళ్ళవాళ్ళు ఇద్దరు ముగ్గురు రాసి పంపారు, బట్టలు పంపొచ్చా అని. పంపొచ్చు. ఇంటి నుంచి పెట్టె వెళ్ళే అరుదైన సందర్భం ఇది. విడుదల తేదీకి 30 రోజుల లోపల, అంతకంటే ముందు కాదు. దానికీ అనుమతి ముందుగా లోపలే తీసుకోవాలి. ఒక జత బట్టలు, చెప్పులో బూట్లో పెట్టండి. కొలత పాతది అనుకోకండి, ఫోనులో అడిగి కనుక్కోండి, అక్కడ చాలామంది చిక్కిపోతారు. జేబులు తడిమి చూడండి, చిల్లర ఉంటే తీసేయండి. ఆ పెట్టెలో ఉత్తరం పెట్టకండి, ఉత్తరం విడిగా, తెల్ల కవరులో. ఇప్పుడు ప్రశ్నలడగండి. ఆ చివర చెయ్యెత్తిన అమ్మాయి, మీరే ముందు.